ల్యాంప్ రూము లేని దీపం

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో తలకు కట్టుకునే లైటు కొనడానికి పోతే షాపాయన మొదట అడిగేది "ఎంత దూరం పడాలి?" అని. వ్యవసాయ మోటార్లు, పైపులు, మందు కొట్టే పంపులు అమ్మే దుకాణాల్లో ఈ లైట్లు గుత్తులుగా వేలాడుతుంటాయి. పిడికిలంత అద్దం, వెనక పట్టీకి బ్యాటరీ డబ్బా, అట్టపెట్టె మీద కిలోమీటర్లలో దూరం. కొనేవాళ్లలో ఎక్కువమంది రైతులు. ఊరి పక్కనే 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. అయినా పొలం మోటారుకు కరెంటు వంతు రాత్రిపూట వచ్చిందంటే ఆ రాత్రే పోవాలి. దీపం కింద చీకటి అన్న సామెతను ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. నీళ్లు మళ్లించేవాడికి ఒక చేతిలో పార, ఇంకో చేతిలో పాముల భయానికి కర్ర. ఇక లైటుకు మిగిలింది తలకాయే.

నాకు కావలసింది ఆ లైటు కాదు. మాణిక్‌గఢ్ కోట ఎక్కాలనో, రామ్‌దేగి వైపు అడవి దారి చూడాలనో పొద్దున బయల్దేరి, చీకటి పడేలోగా ఇల్లు చేరతామని గట్టిగా నమ్మే బాపతు మనిషిని నేను. నమ్మకం నమ్మకమే, బండి టైరు బండి టైరే. టైరు బాగుంటే ఒకరి కాలు మడతపడుతుంది. కాళ్లన్నీ బాగుంటే, ఫొటోలు తీసే మిత్రుడు ఏదో పిట్ట కోసం ముప్పావు గంట పొద కింద కూర్చుంటాడు. అలా ఆలస్యమైన ఒక్క సాయంత్రం కోసం, మిగతా అన్ని రోజులూ సంచి అడుగున ఊరికే పడుండే దీపం కావాలి. ఊరికే పడుండడం దాని ఉద్యోగం కాబట్టి బరువు ఉండకూడదు. బరువున్న వస్తువును, "ఈసారికి వద్దులే" అని మనమే ఇంట్లో వదిలేస్తాం.

ఈ సంగతి మా పక్కింటి కాకాకు చెప్పాను. ఆయన లాల్‌పేట బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయనలాంటి తెలుగు కుటుంబాలు ఇక్కడి గనుల్లోనూ, బల్లార్‌పూర్ కాగితం మిల్లు చుట్టూనూ తరాలుగా ఉన్నాయి. రావడానికి కాజీపేట నుంచి బల్లార్షాకు రైలు దారి ఉంది. పక్కనున్న రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోదే. ఆయన నా ఫోన్లో లైట్ల బొమ్మలన్నీ ఓపిగ్గా చూసి అన్నాడు: "ఎంత దూరం పడుతదో చూస్తున్నవు గని, ఎంతసేపు ఉంటదో చూస్తలేవు బిడ్డా. బాయిల మేం దూరం చూసుడెక్కడిది? ఎటు తిరిగినా ముంగట గోడనే ఉంటుండె."

తలమీద దీపం పెట్టుకోవడంలో ఈ ఊరు ట్రెక్కింగువాళ్లకంటే చాలా ముందుంది. అసలు ఆ దీపం ప్రపంచమంతటా భూమి లోపలి మనిషి కోసమే పుట్టింది. గనిలో మీథేన్ ఉంటే మంట పెట్టడం చావును పిలవడమే. 1815లో హంఫ్రీ డేవీ మంట చుట్టూ సన్నని తీగజాలి కట్టి ఆ ముప్పును తగ్గించాడు. కానీ ఆ దీపాన్ని చేత్తో మోయాలి. దాదాపు నూరేళ్ల తర్వాత ఎడిసన్, నడుముకు బ్యాటరీ, టోపీకి బల్బు ఉండే దీపాన్ని గనులకు ఇచ్చాడు. మీథేన్ ఉన్న గనుల్లో అప్పటికి గాని కార్మికుడి రెండు చేతులకూ విడుదల దొరకలేదు. కాకా రోజుల్లో ఆ బ్యాటరీ డబ్బా రెండు కిలోల పైచిలుకు ఉండేదట. షిఫ్టు దిగాక నడుం నొప్పి బొగ్గు వల్ల ఎంతో, డబ్బా వల్ల ఎంతో తేలేది కాదట.

పర్వతాలెక్కేవాళ్ల దీపానికి పేరుమోసిన పెట్జల్ కంపెనీ మూలం కూడా గుహలోనే ఉంది. స్థాపకుడు ఫెర్నాన్ పెట్జల్ ఫ్రాన్సులో గుహలు శోధించినవాడు. బల్బు స్థానంలోకి ఎల్‌ఈడీ వచ్చాక ఈ దీపాలు ఒక్కసారిగా చిక్కిపోయాయి. నీలి వెలుగు ఎల్‌ఈడీ మీద పసుపు పూత వేస్తే తెల్ల వెలుగు వస్తుంది. ఆ నీలి ఎల్‌ఈడీని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రం నోబెల్ ఇచ్చారు. అదే పెట్జల్ వాళ్లు అత్యవసరానికని చేసిన ఇ-ప్లస్‌లైట్ బ్యాటరీలతో కలిపి 26 గ్రాములు. కాకా డబ్బా బరువులో ఇలాంటివి డెబ్బై ఐదుకు తక్కువ రావు.

ఇక ఎంపిక. పెట్టె మీద రాసే దూరానికి ఒక అర్థం ఉంది. మంచి కంపెనీలు 2009లో అమెరికాలో వచ్చిన ఎఫ్‌ఎల్ 1 ప్రమాణాన్ని పాటిస్తాయి. దాని ప్రకారం వెలుగు పావు లక్స్‌కు పడిపోయే చోటే దీపం దూరం. పావు లక్స్ అంటే మబ్బులేని పున్నమి వెన్నెల. ఈ లెక్క తాడోబా పులుల అడవి పక్కన ఉండేవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. బుద్ధ పూర్ణిమ రాత్రి మంచెల మీద కూర్చుని, నీటిగుంటకు వచ్చే జంతువులను వెన్నెల్లోనే లెక్కపెట్టే ఆనవాయితీ ఇక్కడుంది కదా. అంటే పెట్టె మీద 50 మీటర్లని ఉంటే, యాభయ్యో మీటరు దగ్గర పున్నమి వెన్నెలంత మిగులుతుందని. ఈ దూరాన్ని రెట్టింపు చేయాలంటే వెలుగు తీవ్రత నాలుగింతలు కావాలి, బ్యాటరీ అంత త్వరగా ఖాళీ. రాళ్ల దారిలో ఇంటిముఖం పట్టినవాడు చూసుకోవాల్సింది తన ముందరి పది అడుగులు. ముప్పై నలభై ల్యూమెన్ల వెలుగు చాలు.

ఎంతసేపన్న కాకా ప్రశ్నకు కూడా పెట్టె మీద జవాబు ఉంటుంది, మెలికతో. అదే ప్రమాణంలో "40 గంటలు" అంటే, వెలుగు మొదటిదానిలో పదో వంతుకు దిగేదాకా పట్టే సమయం. మొదటి గంటల్లో దారి చూపించిన దీపం చివరి గంటల్లో తన ఉనికిని మాత్రమే చూపిస్తుండవచ్చు. కాబట్టి ఎక్కువ వెలుగు ఎంతో కాక, తక్కువ వెలుగులో ఎన్ని గంటలో చదవాలి. షిఫ్టు పొడుగునా వెలగని దీపాన్ని గనిలోకి ఎవరూ దింపరు.

బ్యాటరీ దగ్గరికొస్తే చంద్రపూర్ ఎండ కూడా బేరంలో కూర్చుంటుంది. మే నెలలో 47 డిగ్రీలు ఈ ఊరికి కొత్త కాదు. ఎండలో నిలిపిన కారు లోపల అంతకు మించి కాగుతుంది. ఫోనులాగా ఛార్జి చేసుకునే లిథియం అయాన్ బ్యాటరీకి నిండా ఛార్జి, పైన వేడి, రెండూ కలిస్తే ఆయుష్షు తగ్గుతుంది. పైగా వాడకపోయినా మెల్లగా దిగుతుంది. నెలకోసారి ఛార్జి పెట్టే శ్రద్ధ ఉన్నవాడికి అది మంచిదే. లేనివాడికి ట్రిపుల్ ఏ సెల్స్ మేలు, ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి. కాకపోతే మామూలు ఆల్కలైన్ సెల్ ఏళ్ల తరబడి లోపలే ఉంటే కారి, తీగలను తినేస్తుంది. ఒకసారి వాడి పారేసే లిథియం సెల్ ధర ఎక్కువ, కానీ బరువు ఆల్కలైన్‌లో మూడింట రెండు వంతులే, నిల్వ చాలా ఏళ్లు. మరీ చిన్న దీపాల్లో వాచీ షాపులో దొరికే నాణెం బ్యాటరీలుంటాయి. అవి రాత్రంతా నడిపించవు, బండి దాకా చేరుస్తాయి. ఇంట్లో పసిపిల్లలుంటే వీటిని అందనంత ఎత్తులో పెట్టాలి, మింగితే ప్రాణాపాయం.

స్విచ్చికి తాళం ఉండాలి. సంచిలో నీళ్ల సీసా ఒత్తుకుని తనంతట తాను వెలిగిన దీపం, అవసరం వచ్చేసరికి డ్యూటీ ముగించి ఉంటుంది. ఎర్ర వెలుగు ఉంటే మంచిది. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. తెల్ల వెలుగు ఆ అలవాటును క్షణంలో చెరుపుతుంది, మసక ఎర్ర వెలుగు అంతగా చెరపదు. వానాకాలానికి పెట్టె మీద ఐపీఎక్స్ 4 అని ఉంటే జల్లుకు తట్టుకుంటుంది, ఐపీఎక్స్ 7 అయితే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా బతుకుతుంది. ఎరయి వాగు దాటే ఉద్దేశం ఉన్నవాళ్లు రెండోది చూసుకోవచ్చు.

ఇంత చేసి తలకు కట్టుకున్నా, కొన్నిసార్లు దాన్ని తలమీంచి తీయడమే తెలివి. వెలుగూ కన్నూ ఒకేచోట ఉంటే నీడలు రాళ్ల వెనక దాక్కుంటాయి. గుంటా మెరకా ఒకే చదునుగా కనిపిస్తాయి. దీపాన్ని చేత్తో నడుం దగ్గర పట్టుకుంటే నీడలు సాగి, దారి ఎత్తుపల్లాలు తెలుస్తాయి. పొగమంచులోనూ, దుమ్ములోనూ అంతే. తలమీది వెలుగు తెల్లని తెరై కళ్లలోనే కొడుతుంది.

జంతువుల కళ్లు మెరవడం మాత్రం తలమీది దీపానికే బాగా కనిపిస్తుంది. దుప్పి, చిరుత, పులి వంటి వాటి కంటి లోపల వెనకవైపు అద్దంలాంటి పొర ఉంటుంది. దాని మీద పడ్డ వెలుగు వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఆ దారి చివర మన కన్ను ఉంటుంది. వేటగాళ్లకు ఈ రహస్యం ఎప్పుడో తెలుసు, అందుకే అడవిలో రాత్రి లైటు కనిపిస్తే అటవీ సిబ్బంది అనుమానిస్తారు, అనుమానించాలి కూడా. చీకటితోనే ఇప్పపువ్వు ఏరడానికో, మే నెలలో తునికాకుకో వెళ్లే ఊరివాళ్లకు ఆ మెరుపు వినోదం కాదు. పులి ఉందని తెలుపుతుందేమో గాని, పులిని దీపం ఆపలేదు. చంద్రపూర్ జిల్లా ఆ మాటకు ఏటా ప్రాణాలతో మూల్యం చెల్లిస్తోంది. చీకటి పడ్డాక అడవిలో ఉండకపోవడమే మొదటి జాగ్రత్త, దీపం రెండోది.

ఇవన్నీ చూసి, ముప్పై గ్రాముల చుట్టుపక్కల ఉండే ఒకదాన్ని ఎంచాను. కాకా దాన్ని అరచేతిలో తూచి, "ఇది మంచిగనే ఉంది. మరి దీని ల్యాంప్ రూము ఏది?" అన్నాడు. గనిలో దీపం ఎవరి సొంతమూ కాదు. షిఫ్టుకు ముందు ల్యాంప్ రూము కిటికీ దగ్గర నంబరు బిళ్ళ ఇస్తే, ఛార్జి ఎక్కించి, పరీక్షించి పెట్టిన దీపం ఇస్తారు. పైకి వచ్చాక దీపం తిరిగిస్తే బిళ్ళ చేతికొస్తుంది. షిఫ్టు ముగిసినా ఒక కొక్కెం మీద దీపం రాలేదంటే, ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. వెతకడం అక్కడ మొదలవుతుంది.

మన సంచిలోని దీపానికి ఛార్జి చూసేవాడు లేడు, కాబట్టి ఆ పని మనమే చేయాలి. పున్నమికి పున్నమికి వెలిగించి చూడమని నా సలహా. కొలబద్ద ఎలాగూ ఆకాశంలోనే ఉంటుంది. కిటికీ అవతల బిళ్ళలు లెక్కపెట్టే మనిషిని కూడా మనమే ఏర్పాటు చేసుకోవాలి. ఎటు పోతున్నామో, ఎన్నింటికి వస్తామో, ఏ వేళ దాటితే ఎవరికి ఫోను చేయాలో ఇంట్లో ఒకరికి చెప్పి కదలాలి. చీకట్లో దారి తప్పినవాడికి దీపం తన కాళ్ల ముందు చోటును చూపిస్తుంది. వాడు తప్పిపోయాడన్న సంగతి బయటివాళ్లకు తెలియజేసేది బిళ్ళే. అత్యవసర సామానులో అన్నిటికంటే తేలికైనది అదే, ఏ గ్రాముల లెక్కకూ రాదు.