ఆవిరి కుడుములు, తోలు వాసన

పోయినసారి కలకత్తా ప్రయాణం గురించి రాసినప్పుడు చాలామంది తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒకటే మాట అడిగారు. "అన్నా, మీటింగుల సంగతే రాస్తివి గానీ, అంత దూరం పోయి ఏం తింటివో చెప్పలేదే?" అని. ఈ వారం అదే రాస్తున్నా. మనబోటి వాళ్ళకు తిండి గురించి రాయడమంటే రుచి గురించి మాత్రమే రాయడం కాదు గదా.

నేను తిన్నది చైనా వాళ్ళ ఆవిరి కుడుములు. కడుపు నిండా తిన్నాను. రెండు రోజులు వరసగా తిన్నాను.

మాది లేపాక్షి పక్కన పల్లె, మాదిగ గేరి. కుడుము అంటే మాకు బియ్యప్పిండి పొర, లోపల బెల్లం, కొబ్బెర. వినాయక చవితికి ఊర్లోవాళ్ళ ఇండ్లలో తప్పకుండా చేస్తారు. మా ఇంట్లో బియ్యానికి గతి ఉన్న ఏడు చేసేవాళ్ళు, లేని ఏడు సంగటితోనే పండగ. సరిహద్దు దాటితే కన్నడమోళ్ళు దాన్నే కడుబు అంటారు. కాబట్టి పిండిలో ఏదో ఒకటి పెట్టి ఆవిరికి ఉడికించడం మనకేం వింత కాదు. లోపల పెట్టింది బెల్లమా, మాంసమా అన్నదే తేడా.

మధ్య కలకత్తాలో లాల్‌బజార్ పోలీసు ఆఫీసుకు దగ్గరలో టిరెట్టా బజార్ అని ఉంది. తెల్లారకముందే రోడ్డు మీద దుకాణాలు పెడతారు, ఎండ ముదిరేలోపు సర్దేస్తారు. ఒకదాని మీద ఒకటి పేర్చిన అల్యూమినియం ఆవిరి గిన్నెలు, మూత తీస్తే మొహం కనపడనంత పొగ. తెల్లగా ఉబ్బిన రొట్టె లాంటిది, లోపల మాంసం, దాన్ని బావ్ అంటారు. నోరు తెరుచుకున్న సంచి లాంటి చిన్న కుడుముల్ని సుయ్‌మాయ్ అంటారు. మన పిల్లలకు తెలిసిన మోమోలూ ఉన్నాయి. అవి టిబెట్, నేపాల్ వైపు నుంచి వచ్చినవి, ఈ కుడుములకు దాయాదులు. చేపల ఉండలేసిన చారు కూడా అమ్ముతున్నారు.

నేను పంది మాంసం కుడుములు తీసుకున్నా. పలచటి పొర కొరికితే లోపలి రసం నాలుక కాల్చింది. అల్లం, ఉల్లికాడ, కరిగిన కొవ్వు. మీద కొంచెం మిరపకాయ సాసు. ఒక ప్లేటు అయింది, ఇంకోటి పెట్టించుకున్నా.

ఆ ప్లేటు పట్టుకుని నిలబడి నేను ఆలోచించింది రుచి గురించి కాదు. పెద్దకూర వండితే వాసన వీధిలోకి పోకుండా తలుపు దగ్గరేసుకున్న ఇండ్లు మావి. ఇక్కడ వీధి వీధంతా మాంసం గిన్నె మూత తీసి, రండి తినండి అంటోంది. ఒకే గిన్నెలోంచి తీసి అందరికీ పెడుతున్నారు. నువ్వెవరు, ఏ గేరి అని అడిగినోడు లేడు.

ఒక ముసలామె దగ్గర తిన్నాను. నా వెంట వచ్చిన బెంగాలీ మిత్రుడు మాటలు కలిపాడు. ఈ పై పొరను మీ భాషలో ఏమంటారమ్మా అని అడిగితే "పీ" అంది. పీ అంటే చర్మం, తోలు. కుడుము పొరకూ, చెప్పులు కుట్టే తోలుకూ వాళ్ళకు ఒకటే మాట. నేను నవ్వితే, ఎందుకు నవ్వుతున్నావంది. మా తాత తోలు పని చేసేవాడని చెప్పా. "మా నాయన కూడా. టాంగ్రాలో" అంది. మరుసటి రోజు టాంగ్రా పోయినాను.

టాంగ్రా కథ మనం తెలుసుకోవాల్సిన కథ. 18వ శతాబ్దం చివర్లో, వారెన్ హేస్టింగ్స్ కాలంలో ఒక చైనా వ్యాపారి కలకత్తాకు కింద హుగ్లీ నది ఒడ్డున చక్కెర మిల్లు పెట్టాడు. ఆ చోటును ఇప్పటికీ ఆయన పేరు మీద అచిపుర్ అంటారు. ఆ తర్వాత చైనా వాళ్ళు విడతలు విడతలుగా వచ్చారు. కాంటన్ వాళ్ళు వడ్రంగం, హుబేయ్ వాళ్ళు పళ్ళ వైద్యం, హక్కా వాళ్ళు చెప్పులు, తోళ్ళు. 20వ శతాబ్దం మొదట్లో హక్కా కుటుంబాలు ఊరి తూర్పు చివర బురద నేలల్లో తోళ్ళు పదును చేసే గుంటలు పెట్టుకున్నాయి. అదే టాంగ్రా.

తోలు పనే వాళ్ళకెందుకు దొరికింది? సవర్ణ హిందువులు దాన్ని ముట్టుకోరు కాబట్టి. డబ్బులున్న కులాలకు అది మైల. ఆ పని తెలిసిన చమార్లకు పెట్టుబడి లేదు. ఆ సందులోకి చైనా వాళ్ళు వచ్చారు. యజమాని హక్కా వాడు, గుంటలో దిగి తోలు తొక్కినోడు బిహార్ నుంచి వచ్చిన చమార్. బాబాసాహెబ్ 1936లోనే చెప్పాడు, కులం పనిని పంచింది కాదు, పని చేసే మనుషుల్ని విడగొట్టింది అని. టాంగ్రా దానికి సాక్ష్యం.

చైనా వాళ్ళకు అంతా సుఖమే అనుకోవద్దు. 1962 యుద్ధం వచ్చినప్పుడు మూడు వేల మంది దాకా చైనా మూలాల మనుషుల్ని, ముసలోళ్ళు, పసిపిల్లలతో సహా, రాజస్థాన్‌లోని దేవలీ క్యాంపులో పెట్టారు. కొందరిని ఏండ్ల తరబడి వదల్లేదు. చాలామంది దేశమే వదిలి కెనడా వైపు పోయారు. మొహం చూసి శత్రువనుకోవడం ఎట్లుంటుందో వాళ్ళను అడగాలి.

1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు, కాలుష్యం చేస్తున్న టాంగ్రా, తిల్జలా, తోప్సియా తోళ్ళ ఫ్యాక్టరీలను ఊరవతల బాన్‌తలాకు మార్చమని తీర్పిచ్చింది. కొందరు హక్కా వాళ్ళు అక్కడికి పోయారు. చాలామంది తోలు పనే మానేశారు. గుంటలు పూడ్చి, గోడలకు సున్నం కొట్టి, ఎర్ర లాంతర్లు వేలాడదీసి హోటళ్ళు పెట్టారు. ఈరోజు కలకత్తా బాబులు కార్లేసుకుని, పెళ్ళాం పిల్లలతో వచ్చి, ఒకప్పుడు తోళ్ళు నానిన చోట కూర్చుని తిని పోతున్నారు. వీళ్ళ నాయన తోలు పని చేశాడంట, ఇక్కడ తినగూడదు అన్నోడు నాకు కనపడలేదు.

తమ్ముళ్ళూ, ఇక్కడ ఆగి ఆలోచించండి. అదే తోలు. అదే గుంట. అదే వాసన. చైనా వాడు పని మానేసిన రోజు వాసన కూడా పోయింది. మా తాత తంగేడు చెక్కతో తోలు పదును చేసి, ఊరి బావుల కపిలలకు తోలు బాన కుట్టిచ్చాడు. ఆ బానలో వచ్చిన నీళ్ళతో ఊరు పంట తీసింది, ఆ పంటే తిన్నది. మా నాయన తోలు ముట్టలేదు, కూలికి పోయినాడు. నేను పెన్ను పట్టుకున్నా. మూడు తరాలైనా వాసన పోలేదంటారు. అంటే మైల తోలుకు లేదు, పనికి లేదు. పుట్టుకకు పెట్టారు.

నమ్మకపోతే మన జిల్లాలోనే చూడండి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేక తోలు మీద రంగులేసి బొమ్మలు చేస్తారు. గొప్ప కళ. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, మనందరికీ గర్వం. ఆ బొమ్మలు అమ్మే ప్రభుత్వ దుకాణాలకు మా ఊరి పేరే, లేపాక్షి. ఆ తోలు దీపాన్ని పెద్ద పెద్దోళ్ళు కొని ఇంటి నడిమింట్లో పెట్టుకుంటారు. తోలంటే వాళ్ళకు అసహ్యమేం లేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మా చిన్నాయన కొడుకు కొన్నేండ్ల కింద అప్పు చేసి మా పల్లె బస్టాపు దగ్గర ఇడ్లీ హోటల్ పెట్టాడు. ఇడ్లీ దూది మాదిరి చేస్తాడు, ఊరిబిండి ఇంకా బాగా చేస్తాడు. మొదటి వారం మా గేరోళ్ళే తిన్నారు. ఊర్లోవాళ్ళు ఆ దారినే పోతూ "ఇప్పుడే తిన్యామప్పా" అని నవ్వి పోయారు. ఎవరూ తిట్టలేదు. ఎవరూ బెదిరించలేదు. ఎవరూ రాలేదు, అంతే. ఆరు నెలలకు మూసేశాడు.

బెంగళూరు పోయి ఒక నేపాలీ పిల్లోడి దగ్గర మోమోలు చేయడం నేర్చుకున్నాడు. తిరిగొచ్చి హిందూపురంలో బండి పెట్టాడు. సాయంత్రమైతే ఖాళీ లేదు. అన్ని కులాల పిల్లలూ నిలబడి, వాని చేత్తో ఒత్తిన మోమోలు తింటారు. "నేపాలా?" అని అడుగుతారంట. వీడు నవ్వి ఊరుకుంటాడు. అవే చేతులు. ఇడ్లీ చేస్తే ఆకలి లేదన్నారు, మోమో చేస్తే క్యూ కడుతున్నారు. ఇడ్లీకి కులం అంటింది, మోమోకు ఇంకా అంటలేదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చినాక ఆ చుట్టుపక్కల కొరియా అక్షరాల బోర్డులు లేచాయి. కొరియా వాళ్ళు ఇవే కుడుముల్ని మాండు అంటారు. సముద్రాలు దాటి వచ్చినోని కుడుముకు కులం అడగరు, పక్క గేరోని ఇడ్లీకి అడుగుతారు.

"బండి మీద బాబాసాహెబ్ బొమ్మ పెట్టుకోవాలనుందన్నా. పెడితే ఎవురు తింటారు?" అన్నాడు మా వాడు. ఇప్పటికి గల్లాపెట్టె లోపల అతికించుకున్నాడు. పెద్దగా అమ్ముడుపోతున్నాడు గానీ, తన పేరుతో కాదు. ఇది గెలుపో ఓటమో మీరే చెప్పండి.

చట్టం చదివే పిల్లలకు ఒక మాట. రాజ్యాంగం 15(2) హోటళ్ళలోకి పోయే హక్కు మనకిచ్చింది. 17 అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 పౌరహక్కుల చట్టం రెండు గ్లాసుల పద్ధతిని నేరం చేసింది. అత్యాచారాల చట్టానికి 2015లో చేసిన సవరణ సామాజిక, ఆర్థిక బహిష్కరణను కూడా నేరాల్లో చేర్చింది. ఇవన్నీ మన పోరాటంతో వచ్చినవే. కానీ గమనించండి, ఇవి ఎక్కువగా మనం తినడానికి పోయే హక్కు. మనం వండితే వచ్చి తినే మనిషిని ఏ చట్టమూ తేలేదు. "ఇప్పుడే తిన్యామప్పా" అన్నోని మీద ఏ సెక్షన్ పెడతావు? అంటరానితనం మనల్ని గడప బయట నిలబెట్టడంతో ఆగలేదు, మన పొయ్యిని కూడా వెలివేసింది.

ఈ సంగతి కోర్టుకూ తెలుసు. 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మధ్యాహ్న భోజనం కేసులో, వంటమనుషుల నియామకంలో దళితులకు, ఆదివాసీలకు ప్రాధాన్యం ఇవ్వమని చెప్పింది. చిన్నప్పుడే ఒక దళిత తల్లి చేతి అన్నం తిన్న పిల్లోడు పెద్దయినాక ఇడ్లీ బండి దగ్గర ఆగుతాడని నాకు నమ్మకం. అందుకే ఆ ఉద్యోగం ఒక ఆడమనిషి జీతం సంగతి మాత్రమే కాదు.

కాబట్టి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊరి బడికి పోండి. వంట ఎవరు చేస్తున్నారో అడగండి. దళిత మహిళ వండుతుంటే ఎంతమంది పిల్లలు తింటున్నారో, ఎవరు ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుంటున్నారో రాసుకోండి. వండడం లేదంటే ఎందుకు పెట్టలేదని సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. మన వాళ్ళు ఎక్కడ హోటల్ పెట్టినా, బండి పెట్టినా అక్కడ తినండి. ఒంటరిగా కాదు, మీతో చదివే వేరే కులాల మిత్రుల్ని వెంట తీసుకుపోండి. ఆ చేతులెవరివో చెప్పి మరీ తినిపించండి. చెప్పినాక కూడా రెండో ప్లేటు అడిగినోడే మీ మిత్రుడు.

జై భీమ్.