తిత్తి ఊదిన పిల్లవాడు

1913 టూర్ ద ఫ్రాన్స్ పోటీలో, పిరెనీస్ కొండల్లో తూర్మలే కనుమ దిగుతుండగా, యూజెన్ క్రిస్తోఫ్ సైకిలుకు ముందు ఫోర్కు విరిగింది. ఎవరి బండి వాళ్ళే బాగు చేసుకోవాలని అప్పటి రూలు. ఆయన సైకిలు మోసుకుంటూ పది కిలోమీటర్లకు పైగా నడిచి, సాంత్ మరీ ద కాంపాన్ అనే ఊళ్ళో కమ్మరి కొలిమికి చేరాడు. కమ్మరి చెయ్యి వెయ్యడానికి వీల్లేదు, పోటీ అధికారులు పక్కనే నిలబడి చూస్తున్నారు. ఇనుము కాల్చింది, సాగగొట్టింది, అతికింది అంతా క్రిస్తోఫే. కానీ మనిషికి ఉన్నవి రెండే చేతులు. కొలిమి తిత్తి మాత్రం ఒక పిల్లవాడు ఊదాడు. ఆ తప్పుకు 10 నిమిషాలు జరిమానా వేశారు. తరువాత దాన్ని 3 నిమిషాలకు తగ్గించారు.

దూరప్రయాణానికి సామాను సర్దుకునే ప్రతిసారీ నాకు ఆ పిల్లవాడే గుర్తొస్తాడు. సాయం అనేది ఎక్కడ మొదలవుతుంది? ఎక్కడ ఆపాలి?

సీటు వెనక, ఫ్రేము మధ్య, హ్యాండిలు ముందు సంచులు బిగించుకుని, వెనక కారు రాకుండా, రోజుల తరబడి తొక్కుకుంటూ పోవడాన్ని ఇప్పుడు బైక్‌ప్యాకింగ్ అంటున్నారు. ఈ పద్ధతిలో జరిగే పోటీల్లో పేరున్నది ట్రాన్స్‌కాంటినెంటల్. మైక్ హాల్ అనే ఇంగ్లండు రైడరు 2013లో మొదలుపెట్టాడు. మొదటి ఏడు లండన్ నుంచి ఇస్తాంబుల్ దాకా. రూల్స్ కొద్దిపాటి వాక్యాలే. తిండి, నీళ్ళు, సామాను వెంట మోసుకెళ్ళాలి, లేదంటే దారిలో అందరికీ దొరికే చోటనే కొనుక్కోవాలి. ఇంకొకరి వెనక గాలి చాటున తొక్కకూడదు. తెలిసినవాళ్ళ చేత పని చేయించుకోకూడదు. 2019లో జర్మనీ అమ్మాయి ఫియోనా కోల్బింగర్ ఇవే రూల్స్ మీద బల్గేరియాలోని బుర్గాస్ నుంచి ఫ్రాన్సులోని బ్రెస్ట్ దాకా సుమారు 4000 కిలోమీటర్లు 10 రోజుల 2 గంటల 48 నిమిషాల్లో తొక్కి, మగవాళ్ళందరినీ దాటి మొదట చేరింది. ఆమె గెలుపును ఎవరూ వేలెత్తి చూపలేకపోయారంటే, ఆ కొద్దిపాటి వాక్యాలకు అంత బలముంది.

నాది పోటీ కాదు. హైదరాబాద్ నుంచి ఖమ్మం, భద్రాచలం, చింతూరు, మారేడుమిల్లి మీదుగా రాజమండ్రి, సుమారు 500 కిలోమీటర్లు, డిసెంబరులో, ఒక్కణ్ణే. మరి నాకు రూల్స్ ఎందుకని ఇంట్లో అడిగారు. నిజమే, తప్పినా పట్టుకునేవాడు లేడు. కానీ మధ్యాహ్నం మూడింటికి ఎదురుగాలిలో మనిషి బుర్ర ప్లీడరులా వాదిస్తుంది. ఆ లారీ వెనక పట్టుకుంటే ఏం పోయింది, ఈ పదిహేను కిలోమీటర్లు ఆటో ఎక్కితే ఎవరికి నష్టం అంటుంది. ఆ వేళప్పుడు దాంతో వాదనకు దిగితే ఓడిపోతాం. అందుకే రూల్స్ ఇంట్లో, కడుపు నిండా తిని, ఫ్యాను కింద కూర్చున్నప్పుడే రాసుకోవాలి. దారిలో మార్చకూడదు.

మొదట రాసుకున్నది ట్రాన్స్‌కాంటినెంటల్ రూలే, అక్షరం పొల్లు పోకుండా. అది పెట్టుకుని ఒక ఏప్రిల్‌లో శ్రీశైలం పోతుంటే, అచ్చంపేట దాటాక ఒక ముసలమ్మ గుమ్మంలోంచి పిలిచి చెంబుతో మజ్జిగ పట్టుకొచ్చింది. "ఎండ చూడు నాయినా, తాగిపో" అంది. నేను వద్దన్నాను. రూలు గురించి ఆమెకు చెప్పబోయాను కూడా. ఆమె ఏమీ అనకుండా చెంబు మీద కొంగు కప్పుకుని లోపలికి పోయింది. ఆ రోజు నేను చేసిన పని నాకు ఇప్పటికీ నచ్చదు. ఇంటికొచ్చి రూలు తిరగరాశాను: నోరు తెరిచి అడగకూడదు, అడగకుండా ఇచ్చినదాన్ని కాదనకూడదు.

భద్రాచలంలో సత్రం సంగతీ ఇలాగే తేల్చుకున్నాను. సత్రంలో పడుకోవచ్చా? గుడి అన్నదానంలో తినొచ్చా? అక్కడ డబ్బు ఇచ్చామా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఆ తలుపు నాకు తెరిచినట్టే ముక్కూ మొహం తెలియని ఎవరికైనా తెరుస్తారా అన్నది ప్రశ్న. సత్రం తెరుస్తుంది. ఖమ్మంలో మా పిన్ని ఇల్లు నాకు మాత్రమే తెరుస్తుంది. కాబట్టి సత్రం సరే, పిన్ని ఇల్లు కూడదు. ఈ మాట ఫోనులో చెప్పాక పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. "మా ఊరి మీంచి పోతూ మా గడప తొక్కవన్నమాట" అంది చివరికి. తిరుగు రైలు దిగి రెండు రోజులు ఆమె దగ్గరే ఉన్నాను గాని, ఆ మాట మెత్తబడలేదు.

రూల్స్ తేలాకే సామాను. ముందు సామాను కొనేసి తరువాత ప్రయాణం ఆలోచించేవాళ్ళను చాలామందిని చూశాను. గ్రాముల లెక్కలో పడిపోతారు. ఆ లెక్కను నిదానంగా వేసి చూడండి: 100 వాట్ల బలంతో తొక్కేవాడు 1000 మీటర్ల ఎత్తు ఎక్కేటప్పుడు 5 కిలోల అదనపు బరువు అతని దగ్గర తీసుకునేది ఎనిమిది నిమిషాలే. దాని కోసం వేలకు వేలు పోయడం నాకు సమ్మతం కాదు. అసలు ప్రశ్న వేరే ఉంది. ఈ వస్తువు దారిలో దొరుకుతుందా? దొరకనిది మోయాలి, దొరికేది దారికే వదిలెయ్యాలి.

ఇడ్లీ దొరుకుతుంది. కాబట్టి స్టవ్వు, గిన్నెలు వద్దు. పడుకోవడానికి సత్రం, లాడ్జి ఉన్నాయి గనక గుడారం వద్దు, ఒక పల్చని దుప్పటి చాలు. సబ్బు రూపాయల్లో వస్తుంది. కానీ వెనక గేర్ల యంత్రాన్ని ఫ్రేముకు తగిలించే చిన్న అల్యూమినియం రెక్క ఉంటుంది, దాన్ని హ్యాంగర్ అంటారు. సైకిలు పడినప్పుడు ఫ్రేము బదులు తాను వంగిపోవడానికే దాన్ని మెత్తగా చేస్తారు. ఒక్కో మోడలుకు ఒక్కో ఆకారం. వేలెడంత లేని ఆ ముక్క ఖమ్మంలోనే కాదు, హైదరాబాదులో కూడా ఆర్డరు పెట్టి వారం ఆగాలి. అది సంచిలో ఉండాల్సిందే. అలాగే నా చక్రం కొలతకు సరిపోయే స్పోకులు రెండు, ఫ్రేము గొట్టానికి టేపుతో అంటించి పెడతాను. చైనుకు జోడు లింకు. బ్రేకు ప్యాడ్లు ఒక జత.

ఇక వాల్వు. మంచి సైకిళ్ళ ట్యూబులకు ప్రెస్టా అనే సన్నని వాల్వు వస్తుంది. పెట్రోలు బంకులోనూ పంచరు షాపులోనూ ఉండే గాలి గొట్టం మోటారు సైకిళ్ళ ష్రేడర్ వాల్వుకే పడుతుంది. ఊరూరా గాలి ఉంటుంది, మన ట్యూబులోకి ఎక్కదు. దీనికి మందు గోరంత ఇత్తడి తొడుగు. నా సామాను మొత్తంలో దాని కన్నా చౌకైనది లేదు, దాని కన్నా ముందు సర్దుకునేదీ లేదు. సొల్యూషన్ ట్యూబు మాత్రం ప్రతిసారీ కొత్తది కొంటాను. ఒకసారి మూత తీసినది మనకు తెలియకుండానే లోపల ఎండిపోతుంది, సర్కారు తుమ్మ ముల్లు దిగిన రోజున గాని ఆ సంగతి బయటపడదు.

నీళ్ళు, పనిముట్లు బరువైనవి గనక ఫ్రేము మధ్య సంచిలో, కిందకి. దుప్పటి, బట్టలు సీటు వెనక. ఇది తారుమారైతే లేచి నిలబడి తొక్కినప్పుడల్లా సైకిలు వెనక తోక ఊపుతుంది. నిక్కర్లు రెండు, రోజూ రాత్రి ఒకటి ఉతకాలి. బద్ధకించి ఉతకని రోజుకు ఒరుసుకుపోయిన తొడలు మర్నాడు సమాధానం చెబుతాయి. చింతూరు నుంచి మారేడుమిల్లి దాకా అడవి ఘాట్ రోడ్డు, సిగ్నలు ఆశ లేదు, దుకాణాలు తక్కువ. అక్కడికి మాత్రం మూడు లీటర్ల నీళ్ళు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, పల్లీ పట్టీలు.

ఒక రూలు దగ్గర నాకు వాదన లేదు. చీకటి పడ్డాక తొక్కను. మైక్ హాల్ 2017 మార్చి 31న ఆస్ట్రేలియాలో, ఫ్రీమాంటిల్ నుంచి సిడ్నీకి జరుగుతున్న పోటీలో, కాన్‌బెర్రా దగ్గర తెల్లవారకముందు కారు గుద్ది చనిపోయాడు. ప్రపంచమంతా చుట్టి వచ్చిన మనిషి. వెనక ఎర్ర దీపాలు రెండు, మెరిసే చొక్కా ఒకటి పగలు కూడా నా ఒంటి మీద, బండి మీద ఉంటాయి. వాటి బరువు ఎప్పుడూ తూచలేదు.

ఆ డిసెంబరు ప్రయాణంలో చింతూరు దాటి, తులసిపాక ఇంకా రెండు కిలోమీటర్లుందనగా వెనక టైరులో గాలి పోయింది. ఐదున్నర దాటింది. చెట్ల కింద అప్పుడే మసక కమ్మింది. రూలు ప్రకారం ఊళ్ళోకి తొక్కుకుంటూ కాదు, నడిచే పోవాలి. ముందు ట్యూబు మార్చేద్దామని సైకిలు తిరగేశాను. తిరగేస్తే హ్యాండిలుకున్న దీపం నేలను చూస్తోంది. టైరులో ముల్లు కోసం వేళ్ళతో తడుముతుంటే, బడి సంచి తగిలించుకున్న పిల్లవాడొకడు తన సైకిలు ఆపాడు. కాసేపు చూశాడు. నేనేమీ అడగలేదు. వాడే స్టాండు వేసి వచ్చి, రోడ్డు మీద పెట్టిన నా ఫోను తీసుకుని లైటు పట్టాడు.

ముల్లు దొరికింది. ట్యూబు ఎక్కించాను. నా పంపు జానెడు, ఆ టైరు నిండాలంటే రెండొందల సార్లు కొట్టాలి. ఎనభై దాకా కొట్టేసరికి చేతులు వణుకుతున్నాయి.

"అన్నా, ఇటియ్యి, నేను కొడతా" అన్నాడు.

పంపు ఇచ్చాను. ఫోను నేను పట్టుకున్నాను. వాడు మోకాలు నేలకు ఆనించి, నోట్లో లెక్క పెట్టుకుంటూ, ఆగకుండా కొట్టాడు.