అనంతగిరి మలుపులో క్లచ్ వైరు

విశాఖ నుంచి అరకుకు రైల్లో వెళితే సొరంగాలు లెక్కపెట్టుకోవచ్చు. కారులో వెళితే హాయిగా కునుకు తీయొచ్చు. పాత బులెట్ మీద బయల్దేరితే మాత్రం దారిలో ఏమవుతుందో చెప్పలేం. మాకు క్లచ్ వైరు తెగింది!

బండి నాన్నది. 1984 మోడల్. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండే రకం. ఇప్పటి బండ్లకు అలవాటుపడినవాళ్లు ఎక్కితే మొదటి కూడలిలోనే బ్రేకనుకుని గేరు తొక్కేస్తారు. అమ్మేద్దామని బేరం కుదుర్చుకున్నాక, 'చివరిసారి ఘాటెక్కిద్దాంరా' అన్నారాయన. డెబ్బై రెండేళ్ల మనిషి వెనక కూర్చుని వస్తానంటే కాదనలేకపోయాను.

డిసెంబరు నెల. శృంగవరపుకోట దాటాక కొండలు దగ్గరికొస్తాయి. అక్కణ్నుంచి రోడ్డు మెలికలు తిరుగుతూ పైకెక్కుతుంది. రెండు పక్కలా నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియం తీగలు, ఆ నీడలో కాఫీ తోటలు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ ఇదే. ఈ రోజుల్లో కొమ్మకొమ్మకీ ఎర్రటి పళ్లే. వ్యూపాయింటు దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగకండి. లోయకన్నా చిప్స్ ప్యాకెట్లే ఎక్కువ కనిపిస్తాయి!

పొద్దున్నుంచీ క్లచ్ గట్టిగానే ఉంది. నొక్కినప్పుడల్లా 'కిర్రు'మంటోంది. నేను పట్టించుకోలేదు. క్లచ్ వైరంటే ఒంటి తీగ కాదు, సన్నటి ఉక్కుపోగులతో పేనిన తాడు. దాని చివరనుండే గుండు లీవరు గుంతలో సులువుగా తిరుగుతుండాలి. గ్రీజు ఎండిపోతే అది బిగుసుకుపోతుంది. అప్పుడు లీవరు నొక్కిన ప్రతిసారీ వైరు అక్కడే వంగుతుంది. ఒక్కో పోగూ తెగుతూ వస్తుంది. చివరి పోగు ఎక్కడ తెగుతుందన్నది మన అదృష్టం.

మాకు అనంతగిరి ఇంకా నాలుగైదు మలుపులుందనగా తెగింది. రెండో గేరు నుంచి మొదటికి మార్చబోతే 'టక్'మని లీవరు హ్యాండిలుకు అతుక్కుపోయింది. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగింది. వెనక లారీ హారన్. నాన్న చటుక్కున దిగి వెనక చక్రం కింద రాయి పెట్టారు.

టైము నాలుగున్నర. ఈ నెలలో ఇక్కడ ఐదున్నరకే చీకటి పడుతుంది. చదును రోడ్డయితే న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, కొంచెం తోసి, మొదటి గేరులోకి నెట్టేసి క్లచ్ లేకుండానే లాగించొచ్చు. ఇద్దరితో ఈ ఎక్కుడులో అది జరిగే పని కాదు. వెనక్కి దిగుదామా అంటే, హెయిర్‌పిన్ మలుపుల్లో క్లచ్ లేని బండిని నాన్నతో దించే ధైర్యం నాకు లేదు.

అసలు తప్పు నాదే. నెల క్రితం దాకా పాత వైరు పక్కనే ఓ కొత్త వైరు కట్టి ఉండేది. దూరం వెళ్లేవాళ్లందరూ అలా ఉంచుకుంటారని నాన్న అనేవారు. చూడ్డానికి బాగోదు, కొనేవాళ్లు ఏమనుకుంటారోనని నేనే దాన్ని విప్పి చెత్తబుట్టలో పడేశాను. ఆ మాట ఎలా చెప్పాలా అని నేను నసుగుతుంటే, ఆయన సంచిలోంచి మందుల డబ్బా, మఫ్లరు తీసి, వాటి కింద నుంచి ఆ వైరే బయటికి లాగారు.

"పారేసేముందు అడగాలిరా" అన్నారంతే.

ఇప్పుడాయన చేతులు వణుకుతాయి. స్క్రూడ్రైవరు నిలవదు. పిట్టగోడ మీద కూర్చుని ఆయన చెబుతుంటే నేను చేశాను. ముందు లీవరు దగ్గరి నట్లు వదులు చేసి, వాటి గాడి ఒకే వరుసలోకి వచ్చేలా తిప్పి, తెగిన కొసను బయటికి తీయించారు. తర్వాత గేర్‌బాక్సు పక్కనున్న చిన్న మూత. దానికి రెండు స్క్రూలు. వైరు రెండో కొస లోపలి కొక్కేనికి తగులుకుని ఉంటుంది.

"గబగబా లాగేయకు. నీ బూటు లేసు పాతదాని కొసకి కట్టి లాగు. కొత్తది ఆ దారినే రావాలి. ఎక్కడ మడతపడినా మళ్లీ తెగుద్ది."

ఇంజను ఆయిలు కొలిచే పుల్ల నుంచి చుక్కచుక్కగా వైరు తొడుగులోకి ఆయిలు దించాం. అంతా బాగానే సాగుతోందనుకుంటే, ఒక స్క్రూ జారి గడ్డిలో పడింది! సెల్‌ఫోను లైటు వేసి వెతుకుతున్నాను. కాఫీ పళ్లు కోసి వస్తున్నవాళ్లు ఆగారు.

"ఏటైనాది బాబూ?"

విషయం చెప్పగానే వాళ్ల వెంట ఉన్న పదేళ్ల కుర్రాడు గడ్డిలో చెయ్యి పెట్టాడు. రెండు నిమిషాల్లో స్క్రూ నా అరచేతిలో ఉంది. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. హారన్ కొడతానన్నాడు. కొట్టాడు.

కింద లోయలో గూడ్సు వెళుతున్న చప్పుడు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో వేసిన లైను అది. "ఈ చుట్టుపక్కలే ఓసారి మీ అమ్మను దించి బండి తోశాను" అన్నారు నాన్న, ఆ చప్పుడు వింటూ. ఎందుకు తోయాల్సి వచ్చిందో చెప్పలేదు.

చివరగా లీవరు కాస్త వదులుగా ఉండేలా, రెండు రూపాయి బిళ్లల మందాన, నట్టు బిగించాను. హ్యాండిలు అటూ ఇటూ పూర్తిగా తిప్పి, వైరు ఎక్కడా లాగడం లేదని చూశాకే ఆయన లేచారు. అయిదో కిక్కుకు బండి స్టార్టయింది. మంచులో మెల్లగా అరకు చేరేసరికి ఎనిమిది దాటింది.

మర్నాడు తిరుగుదారిలో ఎస్.కోటలో రెండు క్లచ్ వైర్లు కొన్నాం. ఒకటి బండికి కట్టాను. రెండోది నాన్న సంచిలో పెట్టుకున్నారు. బండి కొంటానన్నాయన ఫోను చేస్తే, సంక్రాంతి వెళ్లాక చూద్దామన్నాను.