లెక్క తప్పిన యంత్రం

గుడివాడలో బస్సెక్కబోతూ దారి ఖర్చులకని ఏటీఎంలో అయిదువందలు అడిగాను. అయిదు వంద నోట్లు రావలసిన చోట, అయిదూ అయిదువందల నోట్లే వచ్చాయి! చీటీ మీద మాత్రం 500 అనే ఉంది. బందరు దాటి, దివిసీమలో మా ఊరు చేరేదాకా ఆ పై రెండువేలతో ఏమేం కొనాలా అని లెక్కలు వేస్తూనే ఉన్నాను.

సంగతి విని నాన్న అన్నాడు: "ఒరేయ్, ఏ పెట్టెలో ఏ నోటుందో మనిషి చెప్పిందే ఆ మిషనుకి తెలుసు. వందల పెట్టెలో ఎవరో అయిదువందలు సర్దేసుంటాడు. రేపు లెక్క తేలకపోతే పాపం వాడి గతేమిటి?"

మన ఖాతాలో కోసేసి యంత్రం నోట్లివ్వకపోతే అయిదు రోజుల్లో తిరిగి జమ చెయ్యాలి, ఆలస్యమైతే రోజుకు వంద రూపాయలు చెల్లించాలి అని 2019లో రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. మరి ఎక్కువిస్తే?

1923లో పట్టాభి సీతారామయ్యగారు బందరులో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ పాత రోజుల్లో ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఎదురెదురుగా నిలబడేవారు. పొరపాటు జరిగితే "అయ్యా, ఒక్క మాట" అని వెనక్కి పిలిచేవారు. యంత్రానికి పిలవడం రాదు. మనమే వెనక్కి వెళ్ళాలి.

సోమవారం గుడివాడ వెళ్ళి రెండువేలూ కట్టేసి రసీదు పుచ్చుకున్నాను. హాస్టలుకు నడుస్తూ మళ్ళీ లెక్కలు వేశాను. ఈసారి నా డబ్బుకే!