ఇంటికొచ్చే ఎత్తు ఎంత?

డ్రోన్ కొనేవాళ్లు ముందు కెమెరా గురించి అడుగుతారు, తర్వాత ఎంత దూరం పోతుందని. 'రిటర్న్ టు హోమ్' ఎత్తు గురించి అడిగినవాళ్లని నేను పెద్దగా చూడలేదు. కంపెనీ పెట్టి పంపిన నంబర్‌తోనే ఎగరేస్తుంటారు. మా అనంతపురం జిల్లాలో అది కుదరదు.

సిగ్నల్ తెగినా, బ్యాటరీ బాగా తగ్గినా డ్రోన్ తనంతట తనే వెనక్కి బయల్దేరుతుంది. ముందు నిట్టనిలువుగా మనం పెట్టిన ఎత్తుకి లేస్తుంది, అక్కణ్నుంచి తిన్నగా ఇంటిదారి పడుతుంది. సిగ్నల్ లేనప్పుడు మన చేతిలో ఏమీ ఉండదు. ఆ నంబరే పైలట్. (చింతచెట్టు కింద ఎగరేస్తున్నారా? ఆ నిలువు లేవడమే కొంప ముంచుతుంది. అక్కడ సిగ్నల్ పోతే ఉన్నచోటే ఆగమని సెట్ చేసుకోండి.)

అసలు మెలిక ఇంకోటుంది. ఈ ఎత్తుని కొలిచేది డ్రోన్ కింద ఉన్న నేల నుంచి కాదు, మీరు ఎగరేసిన చోటు నుంచి. గుట్ట కింద నిలబడి 60 మీటర్లు పెట్టి, డ్రోన్‌ని గుట్ట అవతలికి పంపారనుకోండి. గుట్ట 80 మీటర్లుంటే వచ్చేటప్పుడు నేరుగా బండకే వస్తుంది. గుట్టమీద నిలబడితే కథ తిరగబడుతుంది. అక్కడ 50 పెట్టినా, కింద చేల మీదికి వచ్చేసరికి నేలకి 130 మీటర్లు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో హద్దు 120 మీటర్లే. విమానాశ్రయాల దగ్గర ఇంకా తక్కువ.

"సరే, 120 పెట్టేస్తే పోలా?" అంటాడు మా ఫ్రెండ్. గాలి సంగతి మర్చిపోయాడు. నైరుతి మేఘాలు వానంతా పడమటి కనుమల దగ్గరే కుమ్మరించి, మనకి గాలి మాత్రం పంపిస్తాయి. ఆ గాలిని నమ్ముకునే రామగిరి గుట్టల మీద 1990ల్లోనే గాలిమరలు పెట్టారు. పైకెళ్లే కొద్దీ గాలి జోరెక్కుతుంది. డ్రోన్ వేగం సెకనుకి 12 మీటర్లు, ఎదురుగాలి 4 అయితే 800 మీటర్లు రావడానికి 100 సెకన్లు. అదే గాలి 8 అయితే 200 సెకన్లు. బ్యాటరీ చివర్లో ఉన్నప్పుడు ఆ తేడా మామూలుది కాదు. అందుకే ఆషాఢంలో నేను గాలికి ఎదురుగానే పంపుతా. వచ్చేటప్పుడు గాలే తోసుకొస్తుంది.

ఉరవకొండ వైపు ఒక పెద్దాయన శెనక్కాయ చేను ఎక్కడెక్కడ ఎండిందో చూసిపెట్టమన్నాడు. డ్రోన్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం నాయనా, తప్పిపోతే దోవ తెలుసుకోని వస్తాదా?" అనడిగాడు.

"వస్తాది పెద్దాయనా, ఎంత ఎత్తులో రావాలో చెప్పినా."

"కింద కలుపు తీసే ఆడోళ్లుండారు, చూస్కో మల్ల."

నా డ్రోన్ 250 గ్రాముల లోపే. కానీ 60 మీటర్ల పైనుంచి వంచిన తలమీద పడితే బరువెంతో ఎవరూ అడగరు. వాళ్ల మీదుగా పోకుండా, చేను అవతలి గట్టుకి నడిచి అక్కణ్నుంచి ఎగరేశా.

అక్కడ వేపచెట్లు 15 మీటర్లుంటాయి. దూరంగా కరెంటు టవర్ ఒకటి, 40 ఉంటుందనుకున్నా. దానికి ఇరవై కలిపి 60 పెట్టా. సన్న తీగలు డ్రోన్ సెన్సర్‌కి సరిగ్గా ఆనవు, కాబట్టి ఆ ఇరవైలో పిసినారితనం పనికిరాదు.

గాలిమరలకి మాత్రం ఈ లెక్క నడవదు. కొత్తవాటి రెక్క కొస 120 మీటర్లు దాటిపోతుంది. అంటే చట్టం లోపల వాటి పైనుంచి రావడానికి దారే లేదు. నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే. డ్రోన్‌కీ నాకూ మధ్య గాలిమర రాకుండా చూసుకోవడం. దాని వెనక గాలి సుడులు తిరుగుతుంటుంది, పక్కనుంచైనా బాగా ఎడంగా పోవాలి.

పెద్దాయనకి వీడియో చూపిస్తే తూర్పు మూల ఎండిన పట్టీ చూసి కాసేపు ఏం మాట్లాడలేదు. "మా తమ్ముని చేనూ చూడు, గుట్ట పక్కనే" అన్నాడు. గుట్ట పక్కనంటే 60 చాలదు. మళ్లీ మొదట్నుంచీ లెక్కేసుకోవాలి.