ఇంకా ఎవరు పట్టుకుని ఉన్నారు?



నేను 8, 9 తరగతుల పిల్లలకు కంప్యూటర్స్ చెప్పే టీచర్‌ని. ఈ పత్రికలో నేను ఎప్పుడు రాసినా ఇంగ్లిష్ పేజీల్లోనే రాశాను. ఈ నెల మాత్రం తెలుగు పేజీ కావాలని అడిగి తీసుకున్నాను. ఈ విషయం అందరికంటే ముందు చదవాల్సిన ఒక నాన్నగారు, "మేడమ్, నేను తెలుగు పేజీలే చదువుతానండీ" అని ఒకసారి నవ్వుతూ చెప్పారు. ఆయన్నీ, వాళ్ల అబ్బాయినీ అడిగి, వాళ్లు సరేనన్నాకే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను.

ఎగ్జిబిషన్ కోసం 9వ తరగతి అబ్బాయి ఒకడు పైథాన్‌లో బొమ్మల క్విజ్ తయారుచేశాడు. తెర మీద ఒక బొమ్మ వస్తుంది, కింద నాలుగు జవాబులు ఉంటాయి. మొత్తం 20 ప్రశ్నలు. శుక్రవారం ఎగ్జిబిషన్ అనగా బుధవారం ల్యాబ్‌లో రిహార్సల్ పెట్టాం. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఆడుతున్నారు. మొదట్లో బొమ్మలు టకటకా మారాయి. ముప్ఫై మంది దాటేసరికి ఒక్కో బొమ్మకు కాసేపు ఆగాల్సి వచ్చింది. నలభై దాటాక కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోయింది. స్విచ్ ఆపి మళ్లీ వేయాల్సి వచ్చింది.

అప్పుడు నేను అందరి ముందూ, "చివరి నిమిషంలో చేస్తే ఇలాగే ఉంటుంది. నీ సంగతి నాకు తెలుసు కదా" అన్నాను. లిస్టులోంచి అతని ప్రాజెక్టు తీసేశాను. సాయంత్రం గేటు దగ్గర వాళ్ల నాన్నగారు కనిపిస్తే ఆయనకూ అదే మాట చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. అబ్బాయి వైపు ఒకసారి చూసి బండి స్టార్ట్ చేశారు.

వెళ్లేముందు ఆ అబ్బాయి ఒకే ఒక్క మాట అడిగాడు. "మేడమ్, ప్రతి బొమ్మ అయిపోగానే 'డెల్' రాశాను కదా, మరి మెమరీ ఎందుకు నిండింది?"

నా దగ్గర జవాబు లేదు. "రేపు చూద్దాంలే" అని పంపేశాను. రాత్రి భోజనం అయ్యాక అతని ఫైలు నా ల్యాప్‌టాప్‌లో తెరిచాను. నిజం చెప్పాలంటే, తప్పు అతనిదేనని తేల్చుకోవడానికే తెరిచాను.

ఇక్కడ కొంచెం కంప్యూటర్ సంగతి చెప్పాలి. మీ ఇంట్లో పైథాన్ నేర్చుకుంటున్న పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

ఫంక్షన్ హాలు గుమ్మం బయట చెప్పులు ఉన్నంతసేపు లోపల ఎవరో ఉన్నారనుకుంటాం. వాచ్‌మన్ ఆ చెప్పుల జతలు చూసే లైట్లు ఆర్పి తాళం వేయాలా వద్దా అని తేల్చుకుంటాడనుకోండి. పైథాన్ కూడా దాదాపు అలాగే నడుస్తుంది. మెమరీలో ఉన్న ప్రతి వస్తువుకూ ఎన్ని చోట్ల నుంచి పట్టు ఉందో లెక్క పెట్టుకుంటుంది. ఆ పట్టునే రిఫరెన్స్ అంటాం. లెక్క సున్నాకు వస్తే ఆ జాగా ఖాళీ చేస్తుంది. ఒక్క జత మిగిలినా హాలు తెరిచే ఉంచుతుంది. ఆ జత ఎవరో మర్చిపోయి వెళ్లినదైనా దానికి తెలియదు.

'డెల్' అంటే వస్తువునే చెరిపేయడం అని చాలామంది పిల్లలు అనుకుంటారు. కాదు. అది ఒక పేరును మాత్రమే తీసేస్తుంది, అంటే ఒక జత చెప్పులను. అదే వస్తువును ఇంకో లిస్టో, ఇంకో వేరియబులో పట్టుకుని ఉంటే వస్తువు కదలదు. కాబట్టి ఆ అబ్బాయి 'డెల్' రాయడం తప్పు కాదు. బొమ్మను ఇంకా ఎవరో పట్టుకుని ఉన్నారు. ఎవరన్నదే తేలాలి.

మొదట కొలిచాను. టాస్క్ మేనేజర్ తెరిచి, ఒక్కో ఆట అయ్యాక ఆ ప్రోగ్రామ్ ఎంత మెమరీ వాడుతోందో కాగితం మీద రాసుకున్నాను. మొదట కొంత పెరిగి తర్వాత ఒకచోట నిలబడితే కంగారు పడక్కర్లేదు. ఇక్కడ మాత్రం ప్రతి ఆటకూ ఇంచుమించు ఒకే మోతాదులో పెరుగుతూ పోయింది. దీన్నే మెమరీ లీక్ అంటారు.

రెండోది, సగం తీసేసి చూశాను. బొమ్మలు లేకుండా ప్రశ్నలు మాత్రమే నడిపితే పెరుగుదల ఆగింది. అంటే సంగతి బొమ్మల దగ్గరే ఉంది. లెక్క కూడా సరిపోయింది. ఒక్కో బొమ్మ 800 × 600, అంటే 4,80,000 చుక్కలు. చుక్కకు 4 బైట్ల చొప్పున 19,20,000 బైట్లు. 20 బొమ్మలకు దాదాపు 38 ఎంబీ. నలభై అయిదు మంది ఆడితే 1,700 ఎంబీ దాటుతుంది. మా ల్యాబ్ కంప్యూటర్లో ఉన్నది 4 జీబీ, అందులో విండోస్ తినేది పోను మిగిలేది ఎంతని!

మూడోది, తలలు లెక్కపెట్టాను. పైథాన్‌లో 'జీసీ' అనే మాడ్యూల్ ఉంటుంది. మెమరీలో బతికున్న బొమ్మలు ఎన్నో దాని ద్వారా లెక్కించవచ్చు. మొదటి ఆట తర్వాత 20, రెండో ఆట తర్వాత 40, మూడో ఆట తర్వాత 60. తెర మీద ఉన్నది ఒక్కటే కాబట్టి ఎప్పుడు చూసినా 1 రావాలి.

చివరిగా అసలు ప్రశ్న అడిగాను. ఆ మాడ్యూల్లోనే 'గెట్ రిఫరర్స్' అని ఒక ఫంక్షన్ ఉంది. ఒక వస్తువును చూపించి "దీన్ని ఎవరెవరు పట్టుకున్నారు?" అని దాన్ని అడగవచ్చు. పిల్లలు ఇక్కడ ఒకటి గుర్తుంచుకోవాలి. లెక్కపెట్టడానికి మనం తయారుచేసిన లిస్టు కూడా ఆ బొమ్మలను పట్టుకునే ఉంటుంది కాబట్టి జవాబులో అదీ కనిపిస్తుంది. వెతికేవాడి చెప్పులు కూడా గుమ్మం బయటే ఉంటాయి మరి! దాన్ని పక్కన పెట్టాను. ఇంకో లిస్టు మిగిలింది. 60 బొమ్మలూ అందులోనే ఉన్నాయి. దాని పేరు 'ఫొటోస్'.

ఆ పేరు చూడగానే నాకు అర్థమైంది. అది నేను క్లాసులో ఇచ్చిన లిస్టు.

జులైలో ఈ పాఠం చెప్పినప్పుడు సగం మందికి తెర మీద బొమ్మ రాలేదు. కిటికీ తెరుచుకునేది, లోపల ఖాళీ. టీకింటర్‌లో ఇది మామూలే. ఫంక్షన్ అయిపోగానే దాని లోపలి పేరు పోతుంది, బొమ్మను పట్టుకునేవాళ్లు ఉండరు, పైథాన్ దాన్ని తీసేస్తుంది. బెల్లు కొట్టడానికి అయిదు నిమిషాలే ఉంది. "పైన ఒక ఖాళీ లిస్టు పెట్టండి, ప్రతి బొమ్మనూ అందులో వేయండి, అంతే" అని బోర్డు మీద రాసేశాను. అందరికీ బొమ్మలు వచ్చాయి, నాకూ సంతోషమేసింది. ఒకటి రెండు బొమ్మలకు ఆ చిట్కా సరిపోతుంది. గంటల తరబడి నడిచే ఆటకు సరిపోదు. అందులో వేయడమే గానీ తీయడం నేను చెప్పలేదు. ఆ అబ్బాయి నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. పైగా శుభ్రం చేయాలన్న ఆలోచన కూడా అతనికే వచ్చి 'డెల్' రాశాడు.

ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. లిస్టు సంగతి సరే. "నీ సంగతి నాకు తెలుసు కదా" అని నేను ఎందుకన్నాను? 8వ తరగతిలో రెండుసార్లు అతని రికార్డు ఆలస్యంగా వచ్చింది. ఆ సంవత్సరం అయిపోయింది, ఆ రికార్డులు స్టోర్ రూమ్‌కి వెళ్లిపోయాయి. ఈ ఏడు అతను ఒక్కటి కూడా ఆలస్యం చేయలేదు. నేను మాత్రం ఆ పాతదాన్ని వదల్లేదు. బుధవారం నేను చూసింది ఈ ఏడాది పిల్లవాణ్ని కాదు.

గురువారం లంచ్ టైంలో అతన్ని ల్యాబ్‌కి పిలిచాను. జవాబు నేనే చెప్పకుండా, లెక్కపెట్టడం నుంచి మళ్లీ మొదలుపెట్టాం. లిస్టు పేరు తెర మీదకు రాగానే అతను నా వైపు చూశాడు, ఏమీ అనలేదు. "అవును, నాదే" అన్నాను. సరిచేయడానికి రెండు దారులున్నాయని చెప్పాను. ఒకటి, 20 బొమ్మలనూ మొదట్లోనే ఒక్కసారి తెచ్చుకుని ప్రతి ఆటలో వాటినే వాడటం. రెండోది, తెర మీదున్న బొమ్మను ఆ లేబుల్‌కే తగిలించడం. కొత్త బొమ్మ వచ్చి అదే చోట కూర్చుంటే పాత బొమ్మకు పట్టు పోయి జాగా ఖాళీ అవుతుంది. అతను రెండోది ఎంచుకున్నాడు. పది ఆటలు ఆడించాం. ప్రతిసారీ లెక్క 1. టాస్క్ మేనేజర్‌లో అంకె పెరగడం ఆగింది.

మధ్యాహ్నం పీరియడ్‌లో క్లాసు ముందు నిలబడి, తప్పు నా పాఠంలో ఉందని, అతన్ని అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. అందరి ముందు అన్నమాటను స్టాఫ్ రూమ్‌లో వెనక్కి తీసుకుంటే చెల్లదు కదా. మిగతా పిల్లల ఫైళ్లలోనూ అదే లిస్టు ఉంది, అందరిచేతా మార్పించాను. సాయంత్రం వాళ్ల నాన్నగారికి ఫోన్ చేశాను. కాసేపు ఆగి ఆయన, "నేను కూడా ఇంటికెళ్లాక వాణ్ని తిట్టానండీ మేడమ్. ఇప్పుడు నేనూ చెప్పాలి వాడికి" అన్నారు.

ఇంట్లో కోడింగ్ చేసే పిల్లలకు ఒక మాట. ప్రోగ్రామ్ నడిచేకొద్దీ నెమ్మదిస్తే ముందు మూడు చోట్ల చూడండి. ఎప్పటికీ ఖాళీ చేయని లిస్టులు. మళ్లీ వాడదామని దాచి, హద్దు పెట్టని డిక్షనరీలు. బటన్‌లకు ఇచ్చిన చిన్న చిన్న ఫంక్షన్లు, ఇవి తమ లోపల వాడిన వేరియబుల్స్‌ను పట్టుకునే ఉంటాయి. ముందు కొలవండి, తర్వాత లెక్కపెట్టండి, ఆ తర్వాతే ఎవరు పట్టుకున్నారని అడగండి. ఊహించి ఎవరినీ అనకండి, మీ కోడ్‌ను కూడా.

పెద్దవాళ్లకు చెప్పేంత అనుభవం నాకు లేదు, పెళ్లి కూడా కాలేదు. కానీ ఈ నెల ప్రోగ్రెస్ కార్డు చేతికొచ్చినప్పుడు నేను చేస్తున్న పనొకటి చెబుతాను. మాట నోటిదాకా వచ్చాక, అది ఈ కార్డు చూసి వచ్చిందా, పోయిన ఏటి కార్డు చూసి వచ్చిందా అని ఒక్క క్షణం ఆగి చూసుకుంటున్నాను. రెండోదైతే మింగేస్తున్నాను.

శుక్రవారం క్విజ్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆగకుండా నడిచింది. మీలో కొందరు ఆడారు కూడా. ప్రాజెక్టు మార్కులు వేయడానికి అతని ఫైలు తెరిస్తే, లిస్టు తీసేసిన చోట ఒక కామెంట్ లైను కనిపించింది: "ఇక్కడ మేడమ్ లిస్ట్ ఉండేది. ఇద్దరం కలిసి తీసేశాం."