సెకనుకి 200 సార్లు ఒకే మాట: మా హాస్టల్ ట్యాంకు, లాగ్ ఫైలు

  

ఈ గ్రూపులో ఎక్కువగా స్కాలర్‌షిప్ తేదీలు, నోటిఫికేషన్లు, పోడు పట్టాల సంగతులే వస్తుంటాయి. నేను ఈసారి ప్రోగ్రామింగ్ గురించి రాస్తున్నా. పొడుగు పోస్టే, ఓపికుంటే చదవండి. కంప్యూటర్ చదవనోళ్లకి కూడా అర్థమయ్యేట్టు రాయాలని చూశా, ఎందుకంటే ఇది చివరికి నీళ్ల సంగతి.

మా ఇంట్లో ఇంటర్ దాటి చదువుతున్నది నేనే మొదలు. ఇంట్లో కోయ మాట, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. అందుకే కొత్త పదం వస్తే ముందు దాని అర్థం ఏందో వెతుక్కునే అలవాటు నాకు. 'లాగ్' అంటే డిక్షనరీలో దుంగ అని ఉంది. ప్రోగ్రామ్‌లో దుంగ ఏంది అని నవ్వొచ్చింది. తర్వాత తెలిసింది. పాతకాలం ఓడల మీద వేగం కొలవడానికి ముళ్లు వేసిన తాడుకి చెక్క ముక్క కట్టి సముద్రంలోకి వేసేవాళ్లంట. కొంత సమయంలో ఎన్ని ముళ్లు చేతిలోంచి జారాయో లెక్కపెట్టి ఒక పుస్తకంలో రాసేవాళ్లు. ఆ పుస్తకం లాగ్‌బుక్ అయింది. ఇప్పుడు ప్రోగ్రామ్ తను ఏం చేసిందో, ఎక్కడ ఆగిందో వరుసగా రాసుకునే ఫైలు లాగ్ అయింది.

ఇక మా సంగతి. మా హాస్టల్ కొండ కింద ఉంటది. పైన ఒక్కటే ట్యాంకు. మోటారు సరిగ్గా పని చేయదు, పొద్దున ఆరు దాటితే మూడో అంతస్తు వాళ్లకి చుక్క రాదు. మేం సంబంధిత ఆఫీసుకి వెళ్లి చెప్తే, అక్కడ సారు "ఎన్ని రోజులు రాలేదు, ఎన్ని గంటలు రాలేదు, రుజువేదమ్మా?" అన్నారు. ఆ ప్రశ్న న్యాయమైందే. మా కాలేజీ సీనియర్లు అంతకు ముందు ఏడాదే ట్యాంకు నీటి మట్టం కొలిచే ప్రాజెక్టు ఒకటి చేసి మా బ్యాచ్‌కి అప్పగించారు. ట్యాంకు మూత కింద సెన్సారు, దానికి ఒక రాస్ప్‌బెర్రీ పై, 16 జీబీ మెమరీ కార్డు, సిమ్ వేసిన డాంగిల్. 5 నిమిషాలకి ఒకసారి నీటి మట్టం కొలిచి కార్డులో రాసి, నెట్ ద్వారా పంపుతుంది. రోజుకి 288 రీడింగులు. ఒక్కోటి 40 బైట్లు అనుకున్నా రోజుకి 12 కేబీ కూడా కాదు. ఒక చిన్న ఫోటో కంటే తక్కువ.

ఇదే మా రుజువు అనుకున్నాం. నెల రోజుల రీడింగులు తీసి ప్రింట్ ఇద్దామని చూస్తే చివరి 9 రోజులవి లేవు. ఫోన్‌లో చూసే పేజీ మాత్రం ఎప్పుడూ ఏదో ఒక అంకె చూపిస్తూనే ఉంది. అది ఎప్పటిదో తేదీ వేయకుండా చివరి రీడింగునే చూపించేలా మొదటి నుంచీ అట్లా రాసి ఉంది. సరిగ్గా ఆ 9 రోజుల్లోనే నీళ్లు బాగా ఇబ్బంది పెట్టాయి. రూమ్‌మేట్ అయితే "ఏందే ఇది, మన ఖర్మ కూడా కార్డు చూసి వస్తదా" అంది.

కార్డు తీసి చూస్తే నిండిపోయింది. రీడింగులతో కాదు, లాగ్ ఫైలుతో. తెరిచి చూద్దామంటే ల్యాబ్ కంప్యూటర్ హ్యాంగ్ అయింది. చివరి వంద లైన్లు మాత్రం తీయగలిగాం. అన్నీ ఒకటే. 'సర్వర్‌కి పంపలేకపోయాను, నెట్‌వర్క్ అందడం లేదు.' మళ్లీ అదే. మళ్లీ అదే.

లెక్క వేశాం. వానలకి సిగ్నల్ పోతూ వస్తూ ఉంది. నెట్ అసలే లేనప్పుడు కనెక్షన్ వెంటనే ఫెయిల్ అవుతుంది, ఎదురుచూడటం ఉండదు. ప్రోగ్రామ్ కూడా ఆగకుండా మళ్లీ ప్రయత్నిస్తుంది. టైమ్ చూస్తే సెకనుకి సుమారు 200 లైన్లు. లైనుకి 120 బైట్లు. సెకనుకి 24 కేబీ అంటే ఏముందిలే అనిపిస్తది. రోజుకి 86,400 సెకన్లు కదా, గుణిస్తే 2 జీబీ దాటుతుంది. కార్డులో ఖాళీగా ఉన్నది 9 జీబీ. సిగ్నల్ లేని సమయం అంతా కలిపి నాలుగున్నర రోజులు ఉంటే చాలు, నిండిపోయినట్టే. నిండాక రీడింగు రాయడానికి చోటు లేదు. 12 కేబీ పనిని 2 జీబీ ఫిర్యాదు మింగేసింది.

సీనియర్లని నేనేం అనను. వాళ్లు పట్నంలో ల్యాబ్‌లో వైఫై పెట్టుకుని రాశారు. అక్కడ నెట్ పోవడం అంటే ఎప్పుడో ఒకసారి జరిగే వింత. ఇక్కడ అది వానంత మామూలు. నాకు ఇంటర్నెట్‌లో దొరికిన ఉదాహరణలు కూడా చాలావరకు పట్నం వైఫై లెక్కలోనే రాసి ఉన్నాయి. మన దగ్గర పెట్టే ఏ పరికరానికైనా 'నెట్ లేదు' అనేది ఎర్రర్ కాదు, రోజువారీ పరిస్థితి. ఇది గట్టిగా చెప్పాలనిపించింది.

సరే, ఏం చేయాలి? ఫ్రెండ్ ఒకామె లాగ్ మొత్తం తీసేద్దాం అంది. తీసేస్తే రేపు సెన్సారు పాడైనా మనకి తెలియదు. నాకు మా నాన్న గుర్తొచ్చాడు. చేను కాడ మంచె మీద రాత్రి కాపలా ఉన్నప్పుడు ఎలుక కదిలినా డబ్బా కొడితే కింద గుడిసెల్లో ఎవరూ లేవరు. అసలు కొట్టకపోతే పందులు చేను తినిపోతాయి. పైథాన్ లాగింగ్‌లో ఈ తేడాకే లెవెల్స్ ఉన్నాయి. డీబగ్ 10, ఇన్ఫో 20, వార్నింగ్ 30, ఎర్రర్ 40, క్రిటికల్ 50. ఈ అంకె గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితేనే రాయి అని చెప్పొచ్చు. కానీ మన వరద అంతా ఎర్రర్ లెవెల్లోనే వస్తోంది. లెవెల్ ఒక్కటే దాన్ని ఆపదు.

తర్వాత ఫైలు సైజుకి హద్దు పెట్టి చూశాం. పైథాన్‌లో రొటేటింగ్ ఫైల్ హ్యాండ్లర్ అని ఉంది. 1 ఎంబీ దాటితే కొత్త ఫైలు మొదలుపెడుతుంది, 5 ఫైళ్లు దాటితే పాతది చెరిపేస్తుంది. కార్డు నిండదు. ల్యాబ్ సారు కూడా బాగుంది అన్నారు. నేను మళ్లీ లెక్క వేశా. 5 ఎంబీని సెకనుకి 24 కేబీతో భాగిస్తే 208 సెకన్లు. అంటే మూడున్నర నిమిషాల చరిత్ర మాత్రమే మిగులుతుంది! అర్ధరాత్రి సెన్సారు ఒక్కసారి ఆగిపోయానని రాస్తే, ఆ లైను మూడున్నర నిమిషాల్లో కొట్టుకుపోతుంది. కార్డు బతుకుతుంది కానీ ముఖ్యమైన మాట బతకదు. ఇది అర్థమయ్యాకే రేట్ లిమిట్ అవసరం నాకు నిజంగా తెలిసింది.

రేట్ లిమిట్ అంటే ఒక మాటని ఇంత సమయంలో ఇన్నిసార్లే రాయనివ్వడం. ఇది కొత్తదేం కాదు. లైనక్స్ కెర్నల్‌లో మామూలుగా 5 సెకన్లకి 10 సార్లు అని పెట్టి ఉంటది. లైనక్స్ లాగ్‌లు చూసుకునే జర్నల్‌డీలో డీఫాల్ట్ 30 సెకన్లకి 10,000. రెండూ ఆపేసినవి ఎన్నో లెక్క కూడా చెప్తాయి. మేం వాడింది టోకెన్ బకెట్ పద్ధతి. హాస్టల్లో నీళ్లు పట్టుకున్నోళ్లకి ఇది చెప్పక్కర్లేదు. బకెట్‌లో 5 మగ్గుల నీళ్లున్నాయి, పైన కుళాయి నుంచి పది నిమిషాలకి ఒక మగ్గు నిండేంత మాత్రమే కారుతోంది. మొదటి ఐదుగురు వెంటనే ముంచుకుంటారు, తర్వాత వచ్చినోళ్లకి పది నిమిషాలకి ఒకరికే. లాగ్ లైను రాయాలంటే ఒక మగ్గు కావాలి. లేకపోతే రాయదు, లెక్కలో మాత్రం వేసుకుంటుంది.

పైథాన్‌లో దీన్ని ఫిల్టర్‌గా రాయొచ్చు. లైను వస్తే ఫిల్టర్ అవును అంటే రాస్తుంది, కాదు అంటే వదిలేస్తుంది. చూస్తే ఇరవై లైన్ల కోడ్. పని అంతా చిన్న చిన్న చోట్ల ఉంది.

అందరికీ ఒకటే బకెట్ పెడితే నెట్ ఎర్రర్లే నీళ్లన్నీ తోడేస్తాయి, సెన్సారు మాటకి చుక్క మిగలదు. అందుకని ఏ ఫైలులో ఏ లైను నుంచి మాట వచ్చిందో చూసి, ఒక్కో చోటికి ఒక్కో బకెట్ పెట్టాం. మెసేజ్ పాఠాన్ని బట్టి పెట్టొచ్చు కదా అంటారు. మెసేజ్‌లో టైమో, ఎన్నో ప్రయత్నమో కలిసి ఉంటే ప్రతిదీ కొత్త మాటలాగే కనిపిస్తుంది. అప్పుడు లిమిట్ పని చేయదు, పైగా బకెట్లు పెరిగిపోయి మెమరీ తింటాయి.

ఫిల్టర్‌ని లాగర్‌కి తగిలిస్తే దాని కింద ఉన్న పిల్ల లాగర్ల నుంచి వచ్చేవి ఫిల్టర్ కావు. హ్యాండ్లర్‌కి తగిలించాలి. ఇంకోటి, హ్యాండ్లర్‌కి సొంత తాళం ఉన్నా ఫిల్టర్ నడిచేది ఆ తాళం వేయకముందే. మా ప్రోగ్రామ్‌లో కొలిచే థ్రెడ్ వేరు, పంపే థ్రెడ్ వేరు. అందుకని బకెట్‌కి వేరే తాళం పెట్టాం.

నాకు అన్నిటికంటే నచ్చింది గడియారం సంగతి. మా దగ్గరున్న పై బోర్డులో బ్యాటరీ గడియారం లేదు. నెట్ ఉంటేనే టైమ్ సరిచేసుకుంటుంది. కరెంటు పోయి వచ్చి, నెట్ లేకపోతే పాత టైమ్‌లోనే నడుస్తుంది. నెట్ రాగానే గంటలు గంటలు ఒక్కసారిగా ముందుకి దూకుతుంది. మామూలు టైమ్‌తో బకెట్ నింపితే ఆ దూకుడుకి లెక్కంతా తప్పుతుంది. అందుకే ముందుకే నడిచే, ఎవరూ మార్చలేని మోనోటోనిక్ క్లాక్ వాడాం. లాగ్ లైనులో కూడా తేదీ పక్కన బోర్డు మొదలై ఎన్ని సెకన్లయిందో రాయించాం.

ఆపేసినవి ఎన్నో చెప్పడం తప్పనిసరి. '119,000 సార్లు ఇదే జరిగింది' అని ఒక్క లైనులో తెలిస్తే చాలు, అన్నీ అక్కర్లేదు. కానీ తర్వాతి లైను రాసేటప్పుడే లెక్క చెప్పేలా పెడితే, ఆ ఎర్రర్ మళ్లీ రాకపోతే చివరి లెక్క ఎప్పటికీ బయటికి రాదు. గంటకి ఒకసారి మిగిలిన లెక్కలన్నీ రాసేసే చిన్న పని వేరేగా పెట్టాం. క్రిటికల్ లెవెల్‌కి మాత్రం ఏ లిమిటూ లేదు. ఏ చోటికి ఎన్ని మగ్గులు, ఎన్ని నిమిషాలు అనేది కోడ్‌లో కాకుండా చిన్న సెట్టింగ్స్ ఫైలులో ఉంచాం. కోడ్ రాని చెల్లెలైనా వానాకాలం ఒక రకంగా, ఎండాకాలం ఒక రకంగా మార్చుకోవచ్చు.

ఇదంతా చేసి కూడా అసలు జబ్బు వేరే ఉందని చెప్పాలి. నెట్ లేదని తెలిశాక సెకనుకి 200 సార్లు ఎందుకు కొట్టుకోవాలి? దానికి 1 సెకను ఆగు, తర్వాత 2, తర్వాత 4, అట్లా 5 నిమిషాల దాకా పెంచుకుంటూ పో అని రాశాం. ఇది రేట్ లిమిట్ కంటే ముందు చేయాల్సిన పని. రెండూ ఉండాలి. ఎందుకంటే రేపు ఇంకో చోట ఇంకెవరో రాసిన లూపు ఇట్లాగే తిరగొచ్చు.

పరీక్షించడానికి డాంగిల్ పీకేసి, ఆగి ప్రయత్నించే కోడ్‌ని కావాలని తీసేసి, ఒక రోజంతా వదిలాం. ఆ చోటి నుంచి మొదటి 5 లైన్లు, తర్వాత పది నిమిషాలకి ఒకటి, రోజుకి 144. గంట లెక్కలు కలుపుకున్నా 30 కేబీ లోపే. 288 రీడింగులు 288 ఉన్నాయి.

తర్వాత 31 రోజుల రీడింగులు గ్రాఫ్ తీసి, నీళ్లు లేని గంటలకి ఎర్ర గీత పెట్టి, ఆఫీసుకి తీసుకెళ్లాం. ఈసారి సారు కాగితం మీద ముద్ర వేసి నకలు చేతికిచ్చారు. మోటారు మెకానిక్ ఒకసారి వచ్చి చూసి వెళ్లాడు, కొత్తది ఇంకా రాలేదు. గ్రాఫ్ మాత్రం రోజూ గీస్తూనే ఉంది, రెండో నెలది వచ్చే వారం ఇస్తాం.

కోడ్ మొత్తం కామెంట్లతో కలిపి 90 లైన్లు. కామెంట్లు తెలుగులో రాశా. మీ హాస్టల్లో ట్యాంకుకో, మీ ఊళ్లో మంచినీళ్ల పథకానికో ఇట్లాంటిది పెట్టాలనుకుంటే అడగండి, పంపిస్తా. ఒక్క చిక్కు ఇంకా ఉంది. సెన్సారు ఎర్రర్ ఇవ్వకుండా అదే అంకె పదే పదే ఇస్తూ కూర్చుంటే మా లాగ్ కనిపెట్టలేదు. ఎలక్ట్రానిక్స్ చదివే అన్నలు, అక్కలు ఎవరికైనా దీని సంగతి తెలిస్తే చెప్పండి.